గర్భిణికి చట్టమిచ్చిన గడువు
(సాంస్కృతిక సంఘ సభయందలి ఉపన్యాస పాఠము)



వార్షికోత్సవ సభలలో సాధారణముగా సాహిత్యము, సంగీతము, నాటకము ప్రసంగవిషయములగుచుండును. నేటి విషయము వానివలె వినుటకు ఇంపైనది కాదు. తెలుగు ఇండ్లలో దీనిని పెద్ద ముత్తైదువలు తలుపు దగ్గరగా వేసికొని, గొంతు తగ్గించి మాటలాడుకొందురు. మగవారు వినియు విననట్లుందురు. అదియే గర్భవిచ్ఛిత్తి, వాడుకలో అబార్షను. దీని ధర్మాధర్మములను గూర్చి ఒక్కొక్క మతమునకు, ఒక్కొక్క మనస్సాక్షికి ఒక్కొక్క నిర్ణయము కలదు. ఆ వాదములోనికి ఈ ఉపన్యాసము పోదు. ఇచట విచారింపదగిన ప్రశ్న ఒక్కటే. గర్భిణీ స్త్రీకిని ఆమె వైద్యునికిని నడుమ చట్టము వచ్చి నిలిచినప్పుడు, ఆమెకు అందవలసిన చికిత్స ఏమగును?

సెక్రటేరియటు ఉద్యోగులకు చట్టము క్రొత్త కాదు. నిబంధన యేమి చెప్పుచున్నదో ఎంత ముఖ్యమో, దస్త్రము ఎవరి బల్లమీద ఎన్ని దినములు నిలిచినదో అంతయు ముఖ్యమని వారికి అనుభవపూర్వకముగా తెలియును. పింఛను దస్త్రము ఆరు నెలలు ఆలస్యమైనను బకాయితో సహా సొమ్ము చేతికి వచ్చును. గర్భము అట్టిది కాదు. అది ఏ ఉత్తర్వుకొఱకును ఆగదు. గడచిన వారమునకు బకాయి లేదు. ఈ ఒక్క సత్యమును దృష్టియందుంచుకొని చట్టచరిత్రను పరిశీలింపవలెను.

1860లో వెలువడిన భారత శిక్షాస్మృతి, 312వ సెక్షనులో, గర్భస్రావము కలిగించుటను నేరముగా నిర్ణయించెను. శిక్ష మూడేండ్ల వరకు కారాగారము; కడుపులో కదలిక తెలిసిన పిమ్మట నైనచో ఏడేండ్ల వరకు. తన గర్భమును తానే పోగొట్టుకొనిన స్త్రీయు ఆ సెక్షను క్రింద ముద్దాయియే. మినహాయింపు ఒక్కటి మాత్రమే: స్త్రీ ప్రాణమును కాపాడుటకై సదుద్దేశముతో చేసినచో నేరము కాదు. ప్రాణాపాయమునకు తక్కువైన ఏ కష్టమునకును, బలాత్కారమునకైనను, దీర్ఘరోగమునకైనను, ఆ సెక్షనులో చోటు లేదు.

దానివలన గర్భవిచ్ఛిత్తులు ఆగలేదు. అవి ఆసుపత్రిని విడిచి చీకటింటికి పోయినవి. నాటు మందులు, పుల్లలు, శుభ్రము చేయని పనిముట్లు ఆ చీకటిలో వైద్యసాధనములైనవి. రక్తస్రావముతోనో, గర్భాశయము చీముపట్టి జ్వరముతోనో తుదకు ఆసుపత్రికి చేరిన స్త్రీ జరిగినది చెప్పుటకు జంకెడిది. వైద్యుడు అడుగుటకు జంకెడివాడు. రోగకారణమును దాచవలసివచ్చిన చోట చికిత్స గురి తప్పును. చట్టము వైద్యమును చెఱచు మొదటి విధము ఇదియే.

1964లో కేంద్ర ప్రభుత్వము నాటి మహారాష్ట్ర ఆరోగ్యమంత్రి శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము 1966లో నివేదిక సమర్పించెను. 50 కోట్ల జనాభాకు ఏటేట 65 లక్షల గర్భస్రావములు జరుగుననియు, వానిలో 26 లక్షలు సహజముగా అగునవనియు, 39 లక్షలు కలిగించునవనియు ఆ సంఘము అంచనా వేసెను. 39 లక్షల మందిని నేరస్థులనుగా చూచు చట్టము, ఆ 39 లక్షలలో ఏ ఒక్కరికిని శుభ్రమైన శస్త్రచికిత్సాగదిని చూపలేకపోయెను. ఈ సందర్భమున ఒక ఆంధ్రప్రాంతీయుని స్మరింపవలసియున్నది. 1918లో రాజమహేంద్రవరమున జన్మించిన జనాభాశాస్త్రవేత్త డాక్టరు శ్రీపతి చంద్రశేఖర్ 1967 మొదలు 1970 వరకు కేంద్ర మంత్రివర్గమున ఆరోగ్య, కుటుంబ నియంత్రణ వ్యవహారములు చూచిరి. ఆ కాలముననే, 1969లో, బిల్లు రాజ్యసభ ముందునకు వచ్చెను. తరువాత ఆయన ఈ సమస్యపై ప్రత్యేకించి ఒక గ్రంథమును రచించిరి. 1971లో ఆ బిల్లు 34వ నంబరు చట్టమై, 1972 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చెను. అదియే వైద్యరీత్యా గర్భవిచ్ఛిత్తి చట్టము.

ఆ చట్టము ప్రకారము 12 వారముల వరకు ఒక వైద్యుడు, 12 మొదలు 20 వారముల వరకు ఇద్దఱు వైద్యులు సదుద్దేశముతో అభిప్రాయపడినచో గర్భవిచ్ఛిత్తి చేయవచ్చును. స్త్రీ ప్రాణమునకు ముప్పు గాని, ఆమె శారీరక మానసికారోగ్యములకు తీవ్రమైన హాని గాని, పుట్టబోవు శిశువునకు తీవ్రమైన వైకల్యము గాని కలుగునను భయముండవలెను. బలాత్కారమువలని గర్భమును, వివాహిత విషయమున గర్భనిరోధక సాధనము విఫలమగుటవలన వచ్చిన గర్భమును మానసిక హానికి కారణములుగా చట్టము అంగీకరించెను. చేయు చోటు ప్రభుత్వాసుపత్రి గాని, ప్రభుత్వామోదము పొందిన చోటు గాని కావలెను. పదునెనిమిదేండ్లు నిండిన, మనోవ్యాధి లేని స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటియే చాలును. ఈ కడపటి మాటను సభ్యులు మరల వినవలెను. భర్త సంతకముగాని, అత్తమామల అనుమతిగాని చట్టము కోరలేదు. ఐనను "మీ ఆయనను తీసికొని రండి" అనుట పెక్కు ఆసుపత్రులలో ఆచారమైనది. చట్టమున లేని నిబంధనను భయము వ్రాసికొనినది.

ఆ చట్టమున 5వ సెక్షను మిక్కిలి అమూల్యమైనది. స్త్రీ ప్రాణమును కాపాడుటకు తక్షణావసరమని రిజిస్టరైన వైద్యుడొక్కడు సదుద్దేశముతో తలచినచో, వారముల లెక్క అక్కఱలేదు. రెండవ వైద్యుని అభిప్రాయము అక్కఱలేదు. ఆమోదము పొందిన చోటు అను నియమము కూడ వర్తింపదు. ఇట్టి సెక్షను విలువ అది లేని దేశమును చూచిన గాని తెలియదు.

కర్ణాటకమందలి బెళగావి పుత్రికయైన సవితా హలప్పనవర్ దంతవైద్యురాలు. వయస్సు 31 ఏండ్లు. భర్తతో ఐర్లండు దేశమున గాల్వే నగరమున నివసించుచుండెను. 2012 అక్టోబరు 21న, 17 వారముల గర్భముతో నుండగా, నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరెను. గర్భము నిలువదని వైద్యులకు తెలిసెను. ఐనను శిశుహృదయము కొట్టుకొనుచున్నది. ఐర్లండు రాజ్యాంగమునకు 1983లో చేరిన ఎనిమిదవ సవరణ తల్లి ప్రాణమునకును గర్భస్థశిశువు ప్రాణమునకును సమానమైన హక్కును చెప్పియుండెను. గర్భవిచ్ఛిత్తి చేయుడని ఆమె కోరినను అది ఆమెకు దక్కలేదు. ఇంతలో రక్తమునకు విషదోషము సోకెను. అక్టోబరు 28న ఆమె మరణించెను. విచారణ జరిపిన వైద్యనిపుణులు పర్యవేక్షణయందలి లోపములతో పాటు, చట్టమును వైద్యులు అర్థము చేసికొనిన తీరు కూడ ఒక కారణమని 2013 నివేదికలో నిర్ణయించిరి. వైద్యులకు విద్య లేక కాదు, ఉపకరణములు లేక కాదు. "ప్రాణాపాయము" అను మాట ఏ గంటకు వర్తించునో తేల్చుకొనుటయందే గంటలు గడచినవి. ఆ దేశ ప్రజలు 2018 మే 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణయందు, మూడింట రెండు వంతుల ఆధిక్యముతో, ఆ సవరణను తొలగించిరి.

తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునకును ఇట్టి చిక్కే వచ్చినది. 2022 జూన్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు తన పూర్వపు తీర్పును త్రోసిపుచ్చగా, టెక్సాసులో దాదాపు సంపూర్ణ నిషేధము అమలులోనికి వచ్చెను. ప్రాణాపాయమునకు మినహాయింపు కలదు. కాని దాని హద్దు తప్పినచో వైద్యునకు యావజ్జీవ కారాగారము వరకు శిక్ష. వైద్యులు వెనుకాడిరి. తుదకు 2025లో అచటి శాసనసభయే ఆ మినహాయింపును స్పష్టపఱచుచు వేఱొక చట్టము చేయవలసివచ్చెను. కావున కూతురినో కోడలినో ఆ దేశములకు పంపిన తల్లిదండ్రులు ఆమె నివసించు రాష్ట్రమున చట్టమెట్లున్నదో ముందే తెలిసికొనుట మంచిది. ఇది ఇతరుల వార్త అని వార్తాపత్రిక మడిచి పెట్టదగినది కాదు.

ఇరుగుపొరుగు దేశముల సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును. శ్రీలంకలో 1883 నాటి శిక్షాస్మృతియే నేటికిని పాలించుచున్నది. తల్లి ప్రాణరక్షణకు తప్ప అనుమతి లేదు. నేపాలమున 2002 వరకు ఈ కారణముచే స్త్రీలు చెఱసాలలలో మ్రగ్గిరి. ఆ యేటి సవరణతో 12 వారముల వరకు స్త్రీ కోరికపైననే అనుమతి లభించెను. ఈ రెండు దేశముల నడుమ భారతదేశపు చట్టము ఉదారమైనదే. ఐనను ఒక్క భేదము గమనింపవలెను. భారతదేశమున గర్భవిచ్ఛిత్తి నేటికిని స్త్రీ హక్కుగా వ్రాయబడలేదు. వైద్యునికి నేరమునుండి మినహాయింపుగా వ్రాయబడినది. 2024 జూలై 1న శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినను, పాత 312వ సెక్షను 88వ సెక్షనై నిలిచియే యున్నది. తలుపు తెఱచియున్నది, కాని కాపలావాడు లేచిపోలేదు.

ఆ కాపలావాని నీడ వైద్యముపై ఎట్లు పడుచున్నదో మూడు విధములుగా చూడవచ్చును. మొదటిది: లింగనిర్ధారణను నిషేధించు చట్టము 1994లో వచ్చెను. అది ఆడుశిశువులను కాపాడుటకు అత్యవసరమైనది. గర్భవిచ్ఛిత్తి చట్టముతో దానికి సంబంధము లేదు. ఐనను నాలుగవ నెల దాటిన స్త్రీ వచ్చినచో, ఎక్కడ తనమీద అనుమానము వచ్చునో యని వైద్యుడు ఆమెను వేఱొక ఆసుపత్రికి పంపివేయుట కలదు. రెండవది: 2012 నాటి బాలల లైంగిక రక్షణ చట్టము ప్రకారము, పదునెనిమిదేండ్లలోపు బాలిక గర్భవతియై వచ్చినచో పోలీసులకు తెలుపుట తప్పనిసరి. పోలీసు మాట వినగానే తల్లిదండ్రులు బిడ్డను వెనుకకు తీసికొనిపోయి నాటు వైద్యము వెదకుదురు. దీనిని గుర్తించియే, బాలికయు సంరక్షకుడును కోరినచో ఆమె పేరును తెలుపనక్కఱలేదని సుప్రీంకోర్టు 2022లో చెప్పెను. మూడవది: 2002 నుండి ఈ దేశమున మిఫెప్రిస్టోను మాత్రలు అనుమతింపబడినవి. 2015 సంవత్సరమును గూర్చి 2018లో ప్రకటితమైన ఒక పరిశోధన ప్రకారము, దేశమున ఆ యేట సుమారు 1 కోటి 56 లక్షల గర్భవిచ్ఛిత్తులు జరుగగా, నూటికి 73 వంతులు ఆసుపత్రి గడప త్రొక్కకయే మాత్రలతో జరిగినవి. మాత్రలు నాటు పనిముట్లకంటె ఎంతో క్షేమకరములు. దానివలన ఎందఱో ప్రాణములు నిలుపుకొనిరి. కాని ఎన్నవ వారమో చూచువారు లేక, గర్భము నాళమున నిలిచినదేమో పరీక్షించువారు లేక, రక్తము ఆగనప్పుడు ఎవరికి చెప్పవలెనో తెలియక, స్త్రీ ఒంటరిగా మ్రింగు మాత్ర వైద్యము కాదు. వైద్యము లేని చోట దొరకిన ఊతకఱ్ఱ.

ఇక గడువు మాట. 1971లో 20 వారములను హద్దుగా పెట్టినప్పుడు నేటి స్కానింగు యంత్రములు లేవు. తరువాత శిశువు అవయవములను పరీక్షించు స్కానింగు 18, 20 వారముల నడుమ చేయు పద్ధతి వచ్చెను. అనగా దోషము కనుపించు దినమును, తలుపు మూయు దినమును దాదాపు ఒక్కటే అయ్యెను. 2008లో ముంబయి నగరమున ఒక దంపతులు, శిశువు హృదయమున దోషమున్నదని 20 వారములు దాటిన పిమ్మట తెలిసి, హైకోర్టును ఆశ్రయించిరి, న్యాయస్థానము నిరాకరించెను. ఆ పిమ్మట ఇట్టి అర్జీలు వరుసగా కోర్టులకు వచ్చినవి. అర్జీ వేయు దినము, వైద్య మండలి పరీక్షించు దినము, వాదనలు విను దినము, ఇవి యన్నియు ఆమె కడుపులోనే లెక్కకు వచ్చును. న్యాయము చేయుటకై పట్టిన కాలమే న్యాయమును కష్టతరము చేయుట ఇందలి విచిత్రము.

2021 సెప్టెంబరు 24న అమలులోనికి వచ్చిన సవరణ ఈ బాధను కొంత తగ్గించెను. 20 వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయము చాలును. 20 మొదలు 24 వారముల వరకు, బలాత్కార బాధితులు, బాలికలు, గర్భకాలమున వైధవ్యము గాని విడాకులు గాని పొందినవారు, వికలాంగులు మున్నగువారికి ఇద్దఱు వైద్యుల అభిప్రాయముతో అనుమతి కలదు. శిశువునకు తీవ్రదోషమున్నదని వైద్య మండలి తేల్చినచో వారముల హద్దు లేదు. ఆ మండలి మూడు దినములలో తన నిర్ణయము చెప్పవలెననియు, అనుమతించినచో అర్జీ అందిన ఐదు దినములలో చికిత్స జరుగవలెననియు నిబంధనలు కలవు. దినములను లెక్కించిన ఈ నిబంధన, ఇన్నేండ్లలో ఈ చట్టమునకు కలిగిన గొప్ప జ్ఞానోదయమని చెప్పవలెను.

అయినను రెండు కేసులు మిగిలిన దూరమును చూపుచున్నవి. 2022లో ఒక అవివాహిత యువతికి ఢిల్లీ హైకోర్టు జూలై 15న అనుమతి నిరాకరించెను. సుప్రీంకోర్టు జూలై 21న మధ్యంతర ఉత్తర్వుచే వైద్య మండలి పరీక్షకును, క్షేమమని తేలినచో చికిత్సకును మార్గము చూపి, సెప్టెంబరు 29న తుది తీర్పు చెప్పెను. వివాహిత, అవివాహిత అను భేదము ఈ చట్టమున చెల్లదనియు, భర్త బలాత్కారమువలని గర్భము కూడ ఈ చట్టము వఱకు బలాత్కార గర్భమేననియు ఆ తీర్పు సారాంశము. 2023లో ఇద్దఱు బిడ్డల తల్లి వేఱొకతె వచ్చెను. చంటిబిడ్డకు పాలిచ్చుచుండుటచే నెలసరి రాకపోయినను ఆమెకు అనుమానము కలుగలేదు. గర్భము తెలియునప్పటికే 24 వారములు దాటినవి. ప్రసవానంతర మనోవ్యాధికి మందులు వాడుచుండెను. అక్టోబరు 9న ఇద్దఱు న్యాయమూర్తులు అనుమతించిరి. 11న వారే భిన్నాభిప్రాయులైరి. 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, 26 వారములు దాటినవనియు, తల్లి ప్రాణమునకు తక్షణాపాయము లేదనియు నిరాకరించెను. తీర్పులోని మంచిచెడ్డలు న్యాయవేత్తలు తేల్చుకొందురు గాక. ఒకే వారమున ఔననియు, తెలియదనియు, కాదనియు మూడు మాటలు వినిన ఆ తల్లి మనఃస్థితిని సభయందలి తల్లులు ఊహింపగలరు.

చట్టమును పార్లమెంటు సవరింపవలెను. ఆసుపత్రులలో వైద్యులను ప్రభుత్వము నియమింపవలెను. ఇవి పెద్ద పనులు. కాని ఈ చట్టము ఈ సభయందలివారి బల్లమీదికే వచ్చు సందర్భమొకటి కలదు. కేంద్ర ప్రభుత్వ మహిళోద్యోగికి, 1972 నాటి సెలవు నిబంధనలలో 43వ నిబంధన ప్రకారము, గర్భస్రావమైనను గర్భవిచ్ఛిత్తియైనను, ఉద్యోగకాలము మొత్తముమీద 45 దినములకు మించకుండ ప్రసూతి సెలవు కలదు. దానికి వైద్యుని ధ్రువపత్రము జతపఱుపవలెను. గర్భవిచ్ఛిత్తి చట్టము క్రింది రెగ్యులేషనులు ఆసుపత్రిలోని రిజిస్టరును రహస్యపత్రముగా నిర్ణయించినవి. ఇతర కాగితములలో ఆమె పేరు బదులు వరుస సంఖ్య మాత్రమే వ్రాయవలెను. సమ్మతిపత్రమును కవరులో పెట్టి మూసి దానిపై "రహస్యము" అని గుర్తు వేయవలెను. ఉద్యోగినికి సెలవుకొఱకు ధ్రువపత్రమిచ్చినచో, ఆ సంగతిని యజమాని మఱి యెవ్వరికిని వెల్లడింపరాదనియు అచటనే వ్రాసియున్నది.

యజమాని యనగా ప్రభుత్వము. ప్రభుత్వమనగా ఆ సెక్షనులోని గుమాస్తా, అసిస్టెంటు, సెక్షను ఆఫీసరు. సరిహద్దు సైన్యపు కాగితములకు "రహస్యము" అని ఎఱ్ఱసిరాతో వ్రాయు చేయియే ఈ కాగితమును మూతలేని దస్త్రములో పెట్టి, టీ వేళకు నలుగురి చెవిని వేయుట జరుగరానిది. ఒక ఆడకూతురు ఆఫీసులో మాట పుట్టునను భయముచే సెలవు అడుగక, ఆసుపత్రికి పోక, రెండు వారములు తడవు చేసి, తుదకు మందుల దుకాణమున మాత్ర కొనుక్కొన్నచో, ఆ రెండు వారములను ఆమెనుండి తీసికొన్నది పార్లమెంటు కాదు, న్యాయస్థానము కాదు. ప్రక్క బల్లవారి నోరు.

ఇండ్లలో చేయదగినదియు ఇట్టిదే. కోడలో, కూతురో, ఇంట పనిచేయు పిల్లయో భయముతో వచ్చి చెప్పినప్పుడు మొదటి ప్రశ్న "ఎవరికైన తెలిసినదా?" అనునది కారాదు, "ఎన్ని వారములైనది?" అనునది కావలెను. మొదటి ప్రశ్న పరువును కాపాడజూచును. రెండవది ప్రాణమును కాపాడును. ఆ పిమ్మట ఆమె గర్భము నుంచుకొనదలచినను, వలదనుకొనినను, ఆ నిశ్చయమునకు కావలసిన కాలము ఆమెకు మిగిలియుండును.

ఆలస్యము అమృతమును విషము చేయునని పెద్దల మాట. ఈ విషయమున ఆలస్యము చేయువారు పెక్కురు: చట్టము, బోర్డు, కోర్టు, ఆసుపత్రి, ఆఫీసు, ఇల్లు. వీరిలో కడపటి ఇద్దఱిని మార్చుటకు ఏ సవరణ బిల్లును అక్కఱలేదు.